తోతాపురి మామిడి గుజ్జు, చెక్కా లవంగం వేసి బ్రెడ్డుకు పూసుకునేది చేసినా. పన్నెండు రోజులకే బూజు. యాడ తప్పు?

కొర్లగుంట కోడలు (తిరుపతి)
అందరికీ నమస్కారం. మా అత్తగారి ఊరు దామలచెరువు పక్కన. ఈ ఏడు తోతాపురికి కోత కూలి కూడా రాదని మామ రెండు క్రేట్లు నింపి బస్సులో వేసి పంపించినాడు. ఇంట్లో బేనీషా (బంగినపల్లి) తప్ప ఇంకోటి ముట్టరు. పిల్లలేమో పొద్దున పూట బ్రెడ్డు, కొన్న జామ్. ఆ ఎర్ర జామ్‌లో ఏ పండు ఉందో తిన్నవాళ్లకు కూడా తెలీదు. సరే మనమే చేద్దామని మొదలుపెట్టినా.

2 కిలోల గుజ్జు, 300 గ్రాముల చక్కెర, పెద్ద చెక్క ముక్క, పది లవంగాలు. అన్నీ మొదట్లోనే వేసి గంటసేపు ఉడికించినా. 300 మిల్లీల సీసాలు నాలుగున్నర నిండినాయి. జామ్ మాదిరి వణకాలని కాదు, వెన్న మాదిరి పూసుకునేట్టుగా మెత్తగా రావాలని నా ఆశ. మెత్తగానే వచ్చింది. కానీ రెండు బాధలు. ఒకటి, మా పెద్దోడు ఒక ముక్క కొరికి "అమ్మా, పంటి నొప్పి మందు వాసన" అన్నాడు. రెండోది, అలమరలో పెట్టిన సీసాలో పన్నెండో రోజు పైన తెల్లగా, పచ్చగా బూజు. ఆ పైపొర తీసేసి మిగతాది వాడొచ్చునా? తప్పు యాడ జరిగిందో చెప్పండి.

పాకాల పెద్దమ్మ
అమ్మాయ్, నువ్వు చేసింది కొత్త వంటేం కాదు. తాండ్ర పోయబోయి మధ్యలో ఆపేసినావు, అంతే. మా అమ్మ చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టేది. ఎండకు నీళ్లు పోతాయి కాబట్టి ఏడాది ఉండేది. నువ్వు నీళ్లు పోనియ్యలేదు, అందుకే బూజు. పది లవంగాలు ఎవరు వెయ్యమన్యారు నాయనా, అది బిర్యానీనా?

బెంగుళూరులో మనోడు
పెద్దమ్మ తీర్పు ఇచ్చేసింది. కేసు కొట్టేసినట్టే.

ల్యాబ్ కోటు (చిత్తూరు)
కేసు కొట్టేయొద్దు, పెద్దమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు లెక్కకు నిలుస్తాది. నేను గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్లో చాన్నాళ్లు పని చేసినా. కొంచెం లెక్క చెప్తా, విసుక్కోకండి.

ముందు బూజు సంగతి. పైపొర తీసి వాడొద్దక్కా. కంటికి కనపడేది పువ్వు మాత్రమే. దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి. కొన్ని బూజులు విషం కూడా వదుల్తాయి, అది మళ్లీ ఉడికించినా పోదు. సీసా మొత్తం పారేయండి.

ఇంక లెక్క. తోతాపురి గుజ్జులో దాదాపు 15 శాతం తీపి పదార్థం ఉంటాది, మేము బ్రిక్స్ అంటాం. అంటే మీ 2 కిలోల్లో పండుదే 300 గ్రాములు. మీరు వేసింది 300. మొత్తం 600. నాలుగున్నర సీసాలంటే దించేటప్పటికి సుమారు కిలో 600 గ్రాములు ఉంటాది. 1600లో 600 అంటే 37, 38 శాతం. ఇప్పుడు చూడండి, మన దేశంలో జామ్ అని పేరు పెట్టి అమ్మాలంటే 65 శాతం ఉండాలి, పండు 45 శాతానికి తగ్గకూడదు. ఆ 65 ఊరికే పెట్టింది కాదు. అంత తీపిలో నీళ్లు చక్కెరకు అతుక్కుపోయి ఉంటాయి, బూజుకు తాగడానికి దొరకవు. మీ సీసాలో బూజుకు కావాల్సినన్ని నీళ్లు ఉండాయి.

అందుకని రెండే దారులు. తీపి తక్కువ కావాలంటే ఫ్రిజ్జులో పెట్టి రెండు మూడు వారాల్లో తినేయాలి. బయట పెట్టాలంటే చక్కెర పెంచాలి, లేదా ఇంకా దగ్గరికి రానియ్యాలి. చక్కెర తక్కువ, బయట పెట్టాల, ఆర్నెల్లు ఉండాల అంటే కుదరదు.

కొర్లగుంట కోడలు
అయ్యో, మూడు సీసాలు పక్కింటోళ్లకు ఇచ్చేసినా! ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా.

కొర్లగుంట కోడలు
చెప్పినా. ఇద్దరు అప్పటికే తినేసినారంట, బాగుందన్నారు. మూడో ఆమె "మాది ఫ్రిజ్జులో ఉంది, బూజు లేదు" అనింది. నా మానం నిలబడింది.

అన్నా, దగ్గరికి రావడం అంటే ఎంత దగ్గరికి? నాకు బ్రిక్స్ మీటరు యాడుంది?

ల్యాబ్ కోటు (చిత్తూరు)
మీటరు అక్కర్లేదు. కూరగాయలు తూచే చిన్న త్రాసు చాలు. ఖాళీ గిన్నె బరువు ముందే తూచి గోడ మీదో ఫోన్లోనో రాసిపెట్టుకోండి. గుజ్జులో తీపి, మీరు వేసే చక్కెర కలిపితే ఎంతో మీకు తెలుసు. దాన్ని 0.60తో భాగిస్తే ఎంత బరువుకు దించాలో వస్తాది. ఉదాహరణకు 2 కిలోల గుజ్జు, 600 చక్కెర అంటే తీపి మొత్తం 900. 60 శాతానికి రావాలంటే కిలోన్నర అయ్యేదాకా ఉడికించాలి. 65కి రావాలంటే ఇంచుమించు కిలో 385. మధ్యలో గిన్నె ఎత్తి త్రాసు మీద పెడతా ఉండండి, కింద మందంగా గుడ్డ వేసి. ప్లాస్టిక్ త్రాసు కరిగిపోయిందని నా మీద రాకండి.

త్రాసు లేకపోతే పాత పద్ధతే. చల్లటి పళ్లెంలో చెంచాడు వేసి చూడండి. చుట్టూ నీళ్ల వలయం ఊరితే ఇంకా కాలేదు. ఊరకుండా ముద్దగా నిలబడితే అయినట్టు.

టొమాటో రోడ్డు (మదనపల్లె)
నేను టొమాటో రేటు పడిపోయినప్పుడల్లా జామ్ చేస్తాను. థర్మామీటరు కొన్నా. పుస్తకంలో 105 డిగ్రీలకు దించమని ఉంది. మా ఇంట్లో 105 వచ్చేసరికి గట్టి పాకం అయిపోతాది, చెంచా దిగదు. థర్మామీటరు తప్పా?

ల్యాబ్ కోటు (చిత్తూరు)
థర్మామీటరు తప్పు కాదు తమ్ముడూ, ఊరు ఎత్తు. మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్ల దగ్గర ఉంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీళ్లు ముందే మరుగుతాయి. మీ ఇంట్లో నీళ్లు 97, 98కే మరుగుతాయి. అందుకని 105 బదులు 102న్నరకు దించాల. ముందు ఉత్త నీళ్లు మరగబెట్టి థర్మామీటరు ఎంత చూపిస్తే దానికి 5 కలుపుకోండి, ఏ ఊళ్లో అయినా సరిపోతాది. హార్స్‌లీ హిల్స్ పైన చేస్తే ఇంకా తగ్గుతాది. తిరుపతిలో పెద్ద తేడా రాదు.

కానీ మామిడి గుజ్జు చిక్కబడినాక థర్మామీటరును నమ్మకండి. గిన్నెలో ఒక్కో చోట ఒక్కో వేడి ఉంటాది. తూకమే మేలు.

టొమాటో రోడ్డు (మదనపల్లె)
ఇన్నేళ్లుగా కొండ మీద ఉండామని తెలుసు, జామ్‌కు తెలుసని తెలీదు.

తోట కాపలా (దామలచెరువు)
కోడలమ్మా, మా ఊరి కాయలే అయితే రెండు మాటలు. తోతాపురి చెట్టు మీద పండనియ్యరు, ముదురు కాయే కోసి ఇస్తారు. వరిగడ్డిలో మాగబెట్టు, ఐదారు రోజులు. తొక్క పూర్తిగా పసుపు తిరిగి, ముక్కు దగ్గర వేలితో నొక్కితే దిగాల. కార్బైడు పొట్లాం మాత్రం దగ్గరికి రానియ్యొద్దు, నిషేధం అది. కాయను కడిగి తొడిమ దగ్గర అంగుళం కోసి పారెయ్, సొన అక్కడే ఉంటాది. సొన పడిన గుజ్జు గొంతులో గీరతాది.

అన్నీ మాగిన కాయలే వాడొద్దు. నాలుగింటికి ఒకటి దోరకాయ కలుపు. మా ఆడోళ్లు తాండ్రకు అట్లనే చేస్తారు, ఎందుకో వాళ్లకు తెలీదు, నాకూ తెలీదు. కానీ బాగా కట్టుకుంటాది.

రేటు సంగతి అడగొద్దు. 2025లో కిలోకి 12 రూపాయలు వస్తాదన్నారు, ఫ్యాక్టరీ 8 ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతాదని. నేను ట్రాక్టరు పట్టుకొని ఒక ఫ్యాక్టరీ గేటు ముందర రెండు రాత్రులు పడుకున్యా. కాయ ట్రాక్టర్లోనే మాగిపోయింది.

ల్యాబ్ కోటు (చిత్తూరు)
దోరకాయ ఎందుకో నేను చెప్తా. కాయలో పెక్టిన్ అని ఒకటి ఉంటాది, జామ్‌కు గట్టిదనం ఇచ్చేది అదే. పండేకొద్దీ అది విరిగి పల్చబడుతాది. దోరకాయలో ఎక్కువ, పులుపు కూడా ఎక్కువ. పెక్టిన్ కట్టుకోవాలంటే పులుపు, తీపి రెండూ కావాలి. మీ ఆడోళ్లు పుస్తకం చదవకుండానే పట్టుకున్నారన్నా.

పులుపు కోసం కిలో గుజ్జుకు ఒక పెద్ద నిమ్మకాయ పిండండి, లేదా నిమ్మ ఉప్పు అర టీస్పూనుకు తక్కువ. రంగు కూడా నిలబడతాది.

రెండు రాత్రుల సంగతి... ఆ గేటుకు లోపలి పక్క నేను కూడా ఉండినా అన్నా. ఏం మాట్లాడాలో తెలీదు.

బెంగుళూరులో మనోడు
మరి కర్ణాటక కాయ లారీలను ఆపింది కూడా అప్పుడే కదా, మా ఆఫీసులో అందరూ నన్ను...

నిర్వాహకుడు
రేటు, సరిహద్దు గొడవకు వ్యవసాయం విభాగంలో వేరే చర్చ ఉంది. తర్వాతి పదకొండు సందేశాలు అక్కడికి మార్చాను. ఇక్కడ గిన్నె మాడకుండా చూసుకోండి.

గానుగ వాసన (చిత్తూరు)
చక్కెర ఎందుకప్పా? చిత్తూరు బెల్లం పెట్టుకొని చక్కెర పొయ్యడమా? మామిడి, బెల్లం, శొంఠి, ఈ మూడూ కలిస్తే ఆ వాసనే వేరు.

పాకాల పెద్దమ్మ
బెల్లం వేస్తే నల్లగా అయితాది. పిల్లోళ్లు ముట్టరు.

గానుగ వాసన (చిత్తూరు)
తెల్లగా మెరిసే బెల్లం కావాలా పెద్దమ్మా? తెల్లగా ఉండాదంటే హైడ్రోస్ అని రంగు తెల్లబరిచే మందు వేసుంటారు. నల్ల బెల్లమే అసలు బెల్లం.

పాకాల పెద్దమ్మ
నాకు బెల్లం నేర్పిస్తాండావా? మా నాయన గానుగలో పెనం ముందర పెరిగినా నేను. బెల్లం మంచిదే. కానీ నలకలుంటాయి, ఇసుక ఉంటాది. నీళ్లలో కరిగించి వడగట్టకుండా వేస్తే పంటికింద తగుల్తాది. అదీ నేను చెప్పొచ్చేది.

ల్యాబ్ కోటు (చిత్తూరు)
ఇద్దరూ సరే. మూడింట రెండొంతులు చక్కెర, ఒక వంతు బెల్లం. మొత్తం బెల్లమే అయితే రంగు ముదురుతాది, పండు రుచి వెనక్కి పోతాది. బెల్లంలో కొంత తేమ ఉంటాది కాబట్టి తూకంలో కాస్త అటూ ఇటూ.

వంటింటి దొంగ (శ్రీకాళహస్తి)
లవంగం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను చెప్తా, ఎందుకంటే నేనూ ఇదే తప్పు నాలుగుసార్లు చేసినా.

పంటి డాక్టరు వాడే లవంగ నూనె, వంటలో లవంగం, రెండిట్లోనూ ఉండేది ఒకటే పదార్థం. నాలుకను మొద్దుబారుస్తాది. గుజ్జు సగానికి తగ్గితే లవంగం ఘాటు రెట్టింపు అయినట్టు తోస్తాది. అందుకని కిలో గుజ్జుకు రెండు, మహా అయితే మూడు. అవి కూడా మొదట్లో కాదు, గుజ్జు చిక్కబడేటప్పుడు.

చెక్క పొడి మాత్రం వెయ్యొద్దు. మన అంగట్లో దొరికే చెక్క పొడి ఉడికితే జిగురు వస్తాది, బెండకాయ మాదిరి. ముక్కలుగానే పల్చటి గుడ్డలో లవంగాలతో మూట కట్టి, తాడు గిన్నె బయటికి వేలాడేసి వదలండి. ఇరవై నిమిషాలకొకసారి రుచి చూడండి, చాలనిపించినప్పుడు తాడు పట్టి లాగేయండి. ఈ ఒక్క పనితో సగం తలనొప్పి పోతాది. పొడులు చల్లేస్తే వెనక్కి తీయలేం కదా.

ఏలకులు, శొంఠి దించే ముందు ఐదు నిమిషాలకు. ఏలకుల వాసన గాల్లోకే పోతాది, ముందే వేస్తే వీధిలో వాళ్లకు బాగుంటాది, మనకు మిగలదు. నేను ఇంకోటి వేస్తా, నవ్వొద్దు. మిరియాలు. కిలోకు పావు టీస్పూను, బరకగా. తీపి వెనక సన్నగా కారం తగుల్తాది. జాజికాయ నాకు నచ్చదు, పాయసం అయిపోతాది.

కొర్లగుంట కోడలు
దొంగక్కా, తాడు ఉపాయం బంగారం.

చప్పిడి నోరు (తిరుపతి)
నాకు షుగర్. చక్కెర వెయ్యకుండా, ఉత్త గుజ్జునే దగ్గరికి రానిస్తే తినొచ్చునా?

ల్యాబ్ కోటు (చిత్తూరు)
వెయ్యకపోయినా పండు చక్కెర పోదు సార్. ఉడికించి సగం చేస్తే అదే చక్కెర సగం బరువులోకి వస్తాది, చెంచాకు ఎక్కువ పడుతాది. "చక్కెర లేదు" అనేది పేరుకే. ఎంత తినొచ్చో మీ డాక్టరును అడగండి. చెయ్యాలనుకుంటే మాత్రం ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి, రోజుకో ముక్క తీసుకోండి. ఫ్రిజ్జు కింది అరలో వారమే.

చప్పిడి నోరు (తిరుపతి)
ఐస్ ట్రే బాగుంది. రోజుకో ముక్క అంటే ఒకటే కదా అని మా ఆవిడ ఇప్పటి నుంచే లెక్క పెడతాంది.

కొర్లగుంట కోడలు
రెండో క్రేటు నిన్న కానిచ్చినా. మొత్తం రాస్తా.

5 కిలోల కాయలు. నాలుగింటికి ఒకటి దోర. గుజ్జు 2 కిలోల 800 వచ్చింది. పిండి జల్లెడలో రుద్దినా, తోతాపురిలో పీచు పెద్దగా లేదు. 800 పక్కకు తీసి గడ్డ కట్టించినా. 2 కిలోలకు చక్కెర 400, బెల్లం 200 వడగట్టి, నిమ్మకాయలు రెండు. ముందు గుజ్జునొక్కదాన్నే అరగంట ఉడికించి తర్వాత తీపి కలిపినా, లేకపోతే అడుగంటుతాదని మా అత్త ఫోన్లో చెప్పింది. ఇత్తడి గిన్నె తీయబోతే కూడా ఆమే ఆపింది. కళాయి పోయిందంట, పులుపుకు చిలుమెక్కుతాదంట. మందమైన స్టీలు గిన్నెలో చేసినా.

మీరెవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. చిక్కబడినాక అది బుడగలు బుడగలుగా ఎగిరి పడుతుంది! మణికట్టు మీద రెండు చోట్ల కాలింది. పప్పు చిందినట్టు కాదు, అతుక్కొని కాలుస్తాది. పొడుగు తెడ్డు పట్టుకొని, చేతికి పాత చొక్కా చెయ్యి తొడుక్కొని, మూత వారగా పెట్టి తిప్పినా.

మూట ముప్పై ఐదో నిమిషంలో తాడు పట్టి లాగేసినా. లవంగాలు ఐదు, చెక్క వేలెడు. దించే ముందు శొంఠి, ఏలకులు, మిరియాలు.

గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మూడుసార్లు తూచినా. కిలో 900, కిలో 640, కిలో 510. అక్కడ ఆపినా. పది నిమిషాలు నీళ్లలో మరిగించిన సీసాల్లోకి వేడి మీదే పోసినా. నాలుగు సీసాలకు రవ్వంత తక్కువ. రంగు ముదురు పసుపు కాదు, తేనె రంగు. పెద్దోడు ఈసారి పంటి మందు అనలేదు. "ఇంకో బ్రెడ్డు" అన్నాడు.

పాకాల పెద్దమ్మ
కాలిన చోట తేనె పూసినావా?

కొర్లగుంట కోడలు
కుళాయి కింద చన్నీళ్లలో పావుగంట పెట్టినా పెద్దమ్మా. ఇప్పుడు పర్వాలేదు.

వంటింటి దొంగ (శ్రీకాళహస్తి)
క్షమించు, చిందుతాదని చెప్పడం మర్చిపోయినా. నా చేతి మీద మచ్చలు చూసుకుంటే గుర్తొచ్చి ఉండాల్సింది. బ్రెడ్డు సరే, రాగి దోసె మీద పూసి చూసినావా?

గానుగ వాసన (చిత్తూరు)
దోసెకు తీపా! దోసెకు ఎర్రకారం తప్ప ఇంకోటి ఉండకూడదు.

పాకాల పెద్దమ్మ
నీకేం తెలుసురా. మాకు చిన్నప్పుడు మామిడి పండ్ల కాలంలో చట్నీ చేసే ఓపిక ఎవరికి? ఉత్త దోసెలో పండు పిసుక్కొని తిని బడికి పోయేవాళ్లం. దోసె, పండు ఎప్పటి నుంచో చుట్టాలే.

బెంగుళూరులో మనోడు
చపాతీలో పూసి చుట్టి డబ్బాలో పెట్టుకుంటే ఆఫీసులో పదకొండింటికి తినొచ్చు. ఎవరైనా ఒక సీసా పంపుతారా? బస్సు ఛార్జీ నాది.

ల్యాబ్ కోటు (చిత్తూరు)
అక్కా, 510 దగ్గర ఆపినారు కాబట్టి 60కి ఒక పిసరు తక్కువ. ఇది ఫ్రిజ్జు సరుకే. మూడు సీసాలు ఫ్రిజ్జులో పెట్టండి. ఒకటి మూత తియ్యకుండా అలమరలో పెట్టి తేదీ రాయండి. తినడానికి కాదు, చూడటానికి. ఎన్నాళ్లకు ఏమైతాదో మాకూ చెప్పండి. పది రోజులకొకసారి బయట నుంచే చూడండి, మూత తీస్తే లెక్క తప్పుతాది.

కొర్లగుంట కోడలు
పెట్టినా. మూత మీద "ముట్టొద్దు" అని రాసినా.

కొర్లగుంట కోడలు
ఇరవై రెండో రోజు. బయట నుంచి శుభ్రంగా ఉంది. బూజు లేదు, పొంగు లేదు, రంగు రవ్వంత ముదిరింది.

తోట కాపలా (దామలచెరువు)
మా ఆడది కూడా మొన్న చేసింది, నీ తూకమే. మిరియాలు జాస్తి అయినాయి. నాకు నచ్చింది, ఆమెకు నచ్చలేదు.

కొర్లగుంట కోడలు
ల్యాబ్ అన్నా, ప్రయోగం పోయింది. నిన్న మామ ఊరి నుంచి వచ్చినాడు. పొద్దున నేను నిద్ర లేచేసరికి అలమరలో సీసా తీసి, పెరుగన్నంలోకి నంచుకొని సగం ఖాళీ చేసినాడు. మూత మీద రాసింది చూడలేదా అంటే, "మా తోట కాయను నన్నే ముట్టొద్దంటే ఎట్లమ్మా" అన్నాడు.

ల్యాబ్ కోటు (చిత్తూరు)
మామకు కడుపు బాగానే ఉంది కదా?

కొర్లగుంట కోడలు
మధ్యాహ్నం మిగతా సగం అడిగినాడు.

పాకాల పెద్దమ్మ
తడి చెంచా పెట్టలేదు కదా?